రంగం నుంచి వచ్చినావిడ బొమ్మ

నేను కొత్తపేటలో డ్రాయింగు మాస్టారుగా ఉన్న రోజుల్లో, ఆంధ్రరాష్ట్రం ఇంకా రాకముందు, మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, మంచం పట్టిన నా భార్య, మాకు వండిపెట్టడానికి వచ్చిన ఒకావిడ. ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ముదురు కాగితం మీద రంగుసుద్దలతో కొన్ని బొమ్మలు వేశాను. వాటిలో ఒక్కటే మిగిలింది. దాన్ని చూసినవాళ్ళు ఎవరీవిడ అని అడుగుతారు. ఒక్క మాటలో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

నా భార్యకు తొలికాన్పు నిలవలేదు. పిల్లవాడు పుట్టిన కాసేపటికే పోయాడు. ఆ వెంటనే ఆమెకు జ్వరం పట్టుకుంది. అమలాపురం ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని, ఇక ప్రాణానికి భయం లేదని ఇంటికి పంపేశారు. ప్రాణం నిలిచింది గాని ఓపిక రాలేదు. వసారాలో మంచం వేయించుకుని గోడవైపు తిరిగి పడుకునేది. పిలిస్తే పలికేది. పిలవకపోతే పొద్దంతా మాట లేదు. మా అమ్మ అప్పటికే లేదు. అత్తగారు వచ్చి కొన్నాళ్ళుండి, కోతల రోజులు వచ్చాయని వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు.

పొద్దున్నే లేచి నీళ్ళు తోడి, జావ కాచి, ఆమెకు మొహం కడిగించి, పక్క సర్ది, నేను బడికి బయలుదేరేసరికే ఒళ్ళు పులిసిపోయేది. బళ్ళో డ్రాయింగు అంటే ఎవరికీ లెక్కలేదు. ఏ మాస్టారు రాకపోతే ఆ క్లాసుకి నన్ను తోలేవారు. భూగోళం మాస్టారికి నదుల పటం, సైన్సు మాస్టారికి కప్ప కడుపులో ఉండేవన్నీ నేనే గీసిపెట్టాలి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎవరో ఒకరు పాత ఫోటో పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉండేవారు. పోయిన తండ్రిదో తాతదో వేలెడంత ఫోటో. దాన్ని చూసి గోడకు తగిలించేంత బొమ్మ చెయ్యాలి. "కాస్త నవ్వుతున్నట్టు వెయ్యండి మాస్టారూ" అనేవారు. బతికున్నన్నాళ్ళూ నవ్వి ఎరగని మనుషులకు నేను ఎన్ని నవ్వులు పెట్టానో. చచ్చినవాళ్ళ మొహాలు గీసి గీసి నా చెయ్యి మొద్దుబారిపోయింది.

ఆ ఏడు పై గ్రేడు డ్రాయింగు పరీక్షకు వెళ్దామనుకున్నాను. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వెయ్యడం అందులో ఒక భాగం. నాకు బొమ్మలు నేర్పిన రాజమండ్రి మాస్టారు, తన కళ్ళు మసకబారిపోయాక, తాను వాడగా మిగిలిన పేస్టల్ రంగుసుద్దల పెట్టె నాకు ఇచ్చేశారు. "వీటితో తెల్లకాగితం మీద వెయ్యకు. ముదురు కాగితం తీసుకో. నీడల సంగతి కాగితమే చూసుకుంటుంది. నువ్వు వెలుగు ఎక్కడ పడిందో అక్కడ మాత్రం ముట్టుకో. ఎక్కువ ముట్టుకున్నావా, పోతుంది" అన్నారు. ముదురు కాగితం కొత్తపేటలో ఎక్కడ దొరుకుతుంది? బట్టల కొట్లో తానులకు చుట్టి వచ్చే నల్లటి నీలం కాగితం ఉండేది. కొట్టాయన్ని అడిగితే నాలుగు పెద్ద ముక్కలు చింపి ఇచ్చాడు. ఇస్త్రీపెట్టెతో మడతలు పోగొట్టి దాచుకున్నాను.

కాగితం దొరికింది గాని మనిషి దొరకలేదు. బడి బంట్రోతును కూర్చోమంటే, బొమ్మ దింపితే ఆయుష్షు తగ్గుతుందండీ అని చేతులు జోడించాడు. పక్కింటి పెద్దాయన ఒప్పుకుని కూర్చున్నారు గాని, వీధిలో వెళ్ళే ప్రతివాళ్ళనీ పలకరిస్తూ తల అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు. పైగా మీసం నల్లగా వెయ్యమన్నారు. నా భార్యను అడగడానికి నోరు రాలేదు.

అలాంటప్పుడు ఆవిడ వచ్చింది.

మా ఇంటికి పనికి రావడానికి చాలామంది వెనకాడేవారు. మా తాత పాలేరుతనం చేసినవాడు. మిషనరీ దొరల బడిలో చదువుకుని క్రైస్తవ మతం పుచ్చుకుని మా నాన్న ఉపాధ్యాయుడయ్యాడు. బళ్ళో నన్ను మాస్టారూ అని నమస్కారం పెట్టేవాళ్ళే మా గుమ్మం దగ్గర ఆగిపోయేవారు. ఈవిడ హిందువులావిడే. వీధి చివర ఒక వడ్లమిల్లులో బియ్యం చెరుగుతూ, ఆ మిల్లు పంచలోనే ఉండేది. ఒకరోజు తనంతట తానే వచ్చి, "అమ్మాయిగారికి బాగోలేదటండి, చెయ్యిసాయం కావాలంటే నేనుంటానండి" అంది. మా ఇంట్లో నీళ్ళు తాగడానికి అభ్యంతరం లేదా అని అడిగాను.

"రంగం నుంచి నడిచొచ్చినదాన్నండి నేను. ఆ దారిలో ఎవరి చేతి నీళ్ళు దొరికితే ఆళ్ళవి తాగేం. ఇంకేం అభ్యంతరమండి" అంది.

రంగూన్‌ను మావైపు రంగం అంటారు. మా చిన్నతనంలో కోనసీమ నుంచి పనుల కోసం ఓడెక్కి రంగం వెళ్ళినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. యుద్ధంలో జపాను వాళ్ళు బాంబులు వేశాక ఓడలు దొరకక, కొండల మీదుగా, అడవుల్లో నెలల తరబడి నడిచి కొందరు తిరిగొచ్చారు. రానివాళ్ళు అంతకంటే ఎక్కువ. ఈవిడ మొగుడు అక్కడ బియ్యపు మిల్లులో పని చేసేవాడనీ, బాంబులు పడ్డ రోజునే పోయాడనీ తరవాత తెలిసింది. నేను ఆవిణ్ణి అక్కగారూ అనేవాణ్ణి. నా భార్య అక్కా అనేది. నలభై దాటి ఉంటాయి గాని ఇంకా పెద్దదానిలా కనిపించేది. తల సగం నెరిసిపోయింది. బుగ్గలు లోపలికి పోయి, ఎముకలు పైకి తేలిన మొహం. ఏ పని చేస్తున్నా కళ్ళు మాత్రం ఎక్కడో నిలిచిపోయి ఉండేవి.

ఆవిడ వచ్చాక ఇంట్లో వేళకు అన్నం ఉడికింది. నా భార్యకు నూనె రాసి, తల దువ్వి, పట్టుకుని పెరట్లో నాలుగడుగులు వేయించేది. ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చాక, అన్నాలు తిని ముగ్గురం ఊరికే కూర్చున్నాం. ఆవిడ గుమ్మం పక్కన గోడకు జారగిలబడి ఉంది. కొబ్బరిచెట్ల నీడ వల్ల మా ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉండేది. గుమ్మంలోంచి వచ్చే వెలుతురు ఆవిడ మొహానికి ఒక పక్కే పడుతోంది. రెండో పక్క అంతా గోడ నీడలో కలిసిపోయింది. రాజమండ్రి మాస్టారు చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమయింది.

"అక్కగారూ, మీ బొమ్మ వేసుకుంటాను. కాసేపు అలాగే కూర్చుంటారా?" అన్నాను.

"ఆయ్. కూర్చుంటానండి. కూర్చోడం కూడా పనేనా" అంది నవ్వుతూ.

మొదటి బొమ్మ చెడింది. నల్లకాగితం మీద తెల్లసుద్ద మెరుస్తుంటే నాకు చెయ్యి ఆగలేదు. నుదుటి మీద, ముక్కు మీద, గడ్డం మీద తెలుపు పట్టించేశాను. చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసి, "పిండి జల్లిస్తూ తుమ్మినట్టున్నానండి" అంది. మంచం మీద నుంచి నా భార్య నవ్వింది. బిడ్డ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

తరవాతి ఆదివారానికి కొంచెం తెలివొచ్చింది. ముందు ఇటికరంగు సుద్దను అడ్డంగా పట్టి పలచగా రాశాను. దాని మీద గోధుమరంగు. కనుబొమ్మ ఎముక మీద, చెంప ఎముక మీద కొంచెం పసుపు కలిసిన లేతరంగు. తెలుపు ఎక్కడా పెట్టలేదు. కళ్ళ గుంతల్లో కాగితాన్ని అలాగే వదిలేశాను. మొహం చీకట్లోంచి నెమ్మదిగా ముందుకు రావడం మొదలుపెట్టింది. ఆవిడ లేచి వచ్చి చూసింది. లోపలికి వెళ్ళి అంట్లు తోమడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యాక చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"మాస్టారండి, మనిషి ఎదురుగా లేకపోతే బొమ్మ దింపలేరాండి?"

"ఫోటో ఉంటే వేస్తాను. ఎవరిది?"

"ఫోటో లేదండి. మా చెల్లిది." పమిట చెంగు సర్దుకుంది. "మా ఇద్దరిదీ ఒకటే పోలిక అనేవోరండి అందరూ. వెనకనించి చూసి దాన్ని నేననీ, నన్ను అదనీ పిలిచేవోరు. నన్ను చూసి దాన్ని దింపగలరేమోనని."

నేను ఏమయింది ఆ అమ్మాయికి అని అడగలేదు. ఆవిడే చెప్పింది. చెల్లెల్ని కూడా తమతో రంగం తీసుకెళ్ళింది. పెళ్ళి కాని పిల్ల. తిరిగొచ్చేటప్పుడు కొండల్లో ఆ పిల్లకు జ్వరం తగిలింది. రెండు రోజులు భుజం మీద ఆనించుకుని నడిపించింది. మూడో రోజు ఆ పిల్ల ఒక రాయి మీద కూర్చుని ఇంక లేవలేనంది. గుంపు ఆగదు. గుంపుని వదిలితే దారి తెలియదు. వెనకాల ఇంకో గుంపులో మన తెలుగువాళ్ళు వస్తున్నారు. వాళ్ళ దగ్గర చంటిపిల్లల్ని మోసే డోలీ ఉంది. ఒక ముసలాయన, మేం తీసుకొస్తాం, నువ్వు ముందు పోయి రేవు దగ్గర చోటు చూడమ్మా అన్నాడు. ఈవిడ రేవు దగ్గర ఎదురుచూసింది. ఆ గుంపు రాలేదు. వేరే దారిన పోయారన్నారు కొందరు. అంతా కలరా వచ్చి పోయారన్నారు కొందరు.

"పోయిందో ఉందో తెలవదండి. కాకినాడలో రంగం నించి తిరిగొచ్చినోళ్ళందర్నీ ఏడాది పాటు అడిగేను. ఇలాంటి పిల్ల కనపడిందా అంటే, ఎలాంటి పిల్ల అనేవోరు. చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పలేనండి. గొంతు గుర్తుంది. జడ గుర్తుంది. మొహం పోయిందండి. కళ్ళు మూసుకుంటే నా మొహమే వస్తోంది."

కుదరదని చెప్పి ఉండవలసింది. ఆవిడ అలా నిలబడి ఉంటే చెప్పలేకపోయాను.

ఆ తరవాత ఎన్నో ఆదివారాలు దానితోనే గడిచాయి. బడి నుంచి వచ్చాక వెలుతురుంటే మామూలు రోజుల్లో కూడా కూర్చునేవాళ్ళం. ఆవిడ మొహం చూస్తూ, బుగ్గలు నింపి, కళ్ళ కింద గుంతలు తీసేసి, నెరిసిన జుట్టు నల్లగా చేసి, పదిహేడు పద్దెనిమిదేళ్ళ పిల్లను వెయ్యాలి. ముదురు కాగితం మీద పేస్టల్ రంగుతో అది చాలా కష్టం. గుంత తీసెయ్యాలంటే దాని మీద రంగు పెట్టాలి. రంగు మీద రంగు పెట్టిన కొద్దీ మొహం బరువెక్కి బొమ్మలకొలువులో బొమ్మలా తయారయ్యేది. సుద్దపొడి రాలి నా పంచె మీదా నేల మీదా పడేది. ఆవిడ కూర్చున్నచోటు నుంచే అడిగేది.

"ముక్కు ఇంకాస్త సన్నం అండి."

సన్నం చేసేవాణ్ణి.

"అంత సన్నం కాదేమోనండి."

మళ్ళీ మార్చేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆవిడ సవరించడం మానేసింది. ఏది చూపించినా, "ఆయ్, అలాగే ఉండేదనుకుంటానండి" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు వింటే నాకు నీరసం వచ్చేది. పొద్దంతా బళ్ళో నిలబడి, సాయంత్రం మళ్ళీ ఎవరికీ తెలియని మొహం కోసం వెతకడం. చనిపోయినవాళ్ళ ఫోటోలకు కళ్ళు పెట్టడం కంటే ఇది పెద్ద శిక్ష అయింది. కాగితాలు అయిపోయాయి. బట్టల కొట్టాయన మళ్ళీ రెండు ముక్కలు ఇచ్చాడు. పరీక్ష దగ్గర పడుతోంది.

ఒకరోజు ఇంకో బొమ్మ చెడి, తుడిచేద్దామని గుడ్డ అందుకుంటుంటే నా భార్య మంచం మీద లేచి కూర్చుంది.

"ఇంక చాలించండి" అంది నాతో. "అక్కా, నువ్వూ చాలించు. మీ ఇద్దర్నీ చూడలేకపోతున్నాను. వాడి మొహం నేను ఒక్కసారి చూశాను. నాకూ గుర్తు లేదు. ఎవరు మాత్రం గీసి ఇవ్వగలరు?"

మా పిల్లవాడి గురించి ఆమె నోరు విప్పి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. అక్కగారు లేచి వెళ్ళి నా భార్య మంచం పట్టెమీద కూర్చుని, ఆమె పాదాలు ఒత్తుతూ ఉండిపోయింది. నేను రంగుసుద్దలు పెట్టెలో సర్దేశాను.

మరుసటి ఆదివారం నేను పెట్టె తియ్యలేదు. ముందురోజు మిల్లులో కొత్త ధాన్యం వచ్చిందని పాతవాళ్ళందర్నీ పిలిస్తే, అక్కగారు మా ఇంటి పని చూసుకునే అక్కడికీ వెళ్ళి వచ్చింది. అన్నాలయ్యాక ఎప్పటిలాగే గుమ్మం పక్కన కూర్చుంది. నిద్ర పోలేదు గాని మనిషిలో ఎక్కడా పట్టు లేదు. తల గోడకు ఆన్చేసింది. చేతులు ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ఇన్ని రోజులు నేను గియ్యడం కోసమని ఎలా కూర్చోవాలో అలా కూర్చునేది. ఆ వేళ ఎవరి కోసమూ కూర్చోలేదు.

నేను చప్పుడు కాకుండా ఆఖరి కాగితం బోర్డుకు గుచ్చాను. ఆవిడ చూసింది గాని కదలలేదు. ఏమనుకుంటుందోనన్న బెంగ గాని, పరీక్షకు పనికొస్తుందా రాదా అన్న ఆలోచన గాని నాకు లేవు. నిజానికి వాటికి సరిపడా ఓపిక లేదు. వెలుగు పడినచోట ముట్టుకున్నాను. మిగిలినదంతా కాగితానికి వదిలేశాను. ఒక చెంప ఎముక, ముక్కు అంచు, కింది పెదవి, మెడ నరం, ఒక అరచెయ్యి. అంతే పెట్టాను. నీడలో ఉన్న కన్ను అసలు వెయ్యనే లేదు. అయినా అక్కడ కన్ను ఉందని తెలుస్తోంది. గుమ్మంలో వెలుతురు పక్కకు జరిగేలోగా అయిపోయింది.

బోర్డు ఆవిడ వైపు తిప్పాను. ఆవిడ ముందుకు వంగి చూసింది. ఇంకా దగ్గరకు జరిగి చూసింది.

"ఇది మా అమ్మండి" అంది.

"మీరే అక్కగారూ."

"నేను కాదండి. మా అమ్మే. పొలం నుంచి వచ్చి ఇలాగే కూలబడేది." వేలు పెట్టబోయి, పొడి రాలుతుందని ఆపుకుంది. "నేనే ఇలా అయిపోతే చెల్లి ఏమైపోయిందోనండి."

"ఎప్పుడు పోయారు మీ అమ్మగారు?" అని అడిగింది నా భార్య.

"పోలేదమ్మా. ఉంది."

ఇద్దరం ఆవిడ వైపు చూశాం. రాజోలు అవతల కాలవగట్టున ఒక చిన్న ఊళ్ళో, ఈవిడ అన్న కొడుకు దగ్గర ఉంటోందట తల్లి. పొద్దున్న బయలుదేరితే సాయంత్రానికి చేరే ఊరు. రంగం నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా ఈవిడ అక్కడికి వెళ్ళలేదు.

"ఏం మొహం పెట్టుకుని వెళ్ళనమ్మా? చెల్లేదీ అని అడుగుద్ది. తీసుకెళ్ళినదాన్ని నేను. ఓడెక్కేటప్పుడు దాని చెయ్యి నా చేతిలో పెట్టింది. చెల్లిని వెతికి, తీసుకునే వెళ్దామనుకున్నా. ఈ ఏడు, వచ్చే ఏడు అనుకుంటా ఉండిపోయేను."

ఆ సాయంత్రం ఆవిడ వంట చెయ్యలేదు. నా భార్య గోడ పట్టుకుని నడిచి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. నేను కట్టెలు అందించాను.

బళ్ళో సెలవు చూసుకుని నేనే ఆవిణ్ణి తీసుకెళ్ళాను. ఒంటరిగా పంపిస్తే దారిలో దిగి వెనక్కి వచ్చేస్తుందేమోనని నా భార్య అంది. నాకూ అదే అనిపించింది. పక్కింటివాళ్ళకు నా భార్యను చూసుకోమని చెప్పి బయలుదేరాం. బొమ్మ కూడా పట్టుకెళ్దామా అంటే వద్దంది. గన్నవరం దాకా బస్సు. అక్కడ కాలవ పడవెక్కాం. గన్నవరం దగ్గర కాలవ వంతెన మీదుగా గోదావరి దాటుతుంది. పడవలో కూర్చుని కిందికి చూస్తే నది. ఆవిడ పమిట మొహం మీదికి లాక్కుని కూర్చుంది. పడవ ఎండలో చాలా నెమ్మదిగా సాగింది. మనుషులు లాగే పడవ అది. గట్టు మీద తాడు లాగేవాళ్ళు ఒకచోట ఆగి కల్లు తాగి వచ్చారు. రాజోలు దగ్గర దిగాక ఆవిడ నడక ఆగిపోతుందేమోనని నేను వెనకే నడిచాను. ఆగలేదు. ఇంకా వేగంగా నడిచింది.

కొబ్బరితోట మధ్య ఒక తాటాకిల్లు. ముంగిట్లో నులకమంచం మీద ఒక ముసలావిడ కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు చీలుస్తోంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. తెల్లటి పొర కమ్మేసింది. చేతులు మాత్రం ఆగకుండా పని చేస్తున్నాయి. నా బొమ్మలో ఆ మొహాన్ని నేను ముందే చూసినట్టే ఉంది. అక్కగారు మంచానికి కాస్త దూరంలో నిలబడిపోయింది.

"ఎవరది?" అంది ముసలావిడ.

"నేనేనమ్మా."

ఈనె చేతిలోనే ఉండిపోయింది. "ఇలా దగ్గరకి రా."

వెళ్ళి మంచం ముందు నేల మీద కూర్చుంది. ముసలావిడ ఈనె కింద పెట్టి, రెండు చేతులతో ఆ మొహం తడిమింది. నుదురు, ముక్కు, బుగ్గలు. జుట్టు తడిమింది. అలా తడుముతూనే అడిగింది.

"పెద్దదానివా, చిన్నదానివా?"

నేను వేరే వైపు తిరిగాను. వెనక నుంచి జవాబు వినిపించింది.

"పెద్దదాన్నమ్మా."

"చిన్నది?"

"రాలేదమ్మా. కొండల్లో నడవలేకపోయింది. వెనకాలోళ్ళకి అప్పజెప్పి వచ్చేను. ఆళ్ళు రాలేదు."

ముసలావిడ చేతులు మొహం మీద నుంచి తియ్యలేదు.

"నువ్వు నడవగలిగేవు" అంది చివరికి. అది తిట్టో, ఊరటో నేను చెప్పలేను. ఆ గొంతులో రెండూ వినిపించలేదు. తరవాత, "నువ్వు కొత్తపేటలో ఉన్నావని విన్నానే. పడవోళ్ళు చెప్పేరు, రంగం నించి వచ్చినావిడ మిల్లులో చేత్తోందని. నీ అంతట నువ్వు వత్తావని ఊరుకున్నాను. ఈలోగా కళ్ళు పోయేయి" అంది.

అక్కగారు తల్లి ఒళ్ళో మొహం పెట్టేసింది. ఏడుపు చప్పుడు బయటికి రాలేదు గాని వీపు కదులుతోంది. ముసలావిడ ఆ వీపు మీద చెయ్యేసి, నా వైపు మొహం తిప్పి, "కూడా ఎవరో ఉన్నారు గదా. రండి బాబూ, నీడలోకి రండి. కొబ్బరినీళ్ళు కొట్టమంటాను" అంది. అన్న కొడుకు భార్య లోపలి నుంచి వచ్చి, ఏం జరిగిందో అర్థం కాక, ముందు నాకు పీట వేసింది.

ఆవిడ అక్కడే ఉండిపోయింది. మర్నాడు పొద్దున పడవకు నేనొక్కణ్ణే బయలుదేరాను. గట్టు దాకా వచ్చి సాగనంపుతూ, "అమ్మాయిగారికి ఇంక నా అవసరం లేదండి, నడుస్తున్నారు గదా" అంది. ఇంటికి చేరేసరికి నాకు ఒళ్ళు తెలియడం లేదు. జరిగినదంతా నా భార్యకు చెప్పాను. పడుకుని అంతా వింది. అంతా విన్నాక, "అయితే రేపు వంటెవరు చేస్తారు?" అంది. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది. తరవాత ఆమె ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. పొద్దున్నే లేచి ఆమే పొయ్యి వెలిగించింది. మధ్యమధ్యలో కూర్చుంటూ, ఆయాసపడుతూ, మూకుడు దించలేక నన్ను పిలుస్తూ. అలా కొన్ని నెలలు ఈడ్చాక ఇల్లు దారిన పడింది.

పరీక్షకు వెళ్ళాను. అక్కడ ఎవరో ముసలి బైరాగిని కూర్చోబెట్టారు. మామూలుగా వేశాను. మామూలుగానే ప్యాసయ్యాను. మళ్ళీ ఫోటోలు, మళ్ళీ నదుల పటాలు. నాకు జీవితంలో వెలుగు ఎక్కడ ముట్టుకోవాలో తెలిసిన బొమ్మ అదొక్కటే. ఆ తరవాత అలా ఇంకొకటి కుదరలేదు. దానికి అద్దం కట్టించాను. వానాకాలంలో అద్దానికి లోపలి పక్క తేమ పట్టి పొడి కొంత రాలిపోయింది. అరచెయ్యి ఇప్పుడు సగమే ఉంది.

రెండేళ్ళ తరవాత ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి వచ్చింది. తల్లి పోయిందట. దినం కూడా అయిపోయింది. వాడపల్లి గుడిలో మొక్కు ఉంటే వెళ్ళి వస్తూ మమ్మల్ని చూసి పోదామని దిగింది. అప్పటికి మాకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను ఒళ్ళో వేసుకుని, నా భార్య పెట్టిన అన్నం తిని, గుమ్మం పక్కనే కూర్చుంది.

"రోజూ అడిగేదండి మా అమ్మ. చెల్లి గురించే. ఆ వేళ ఏం తిన్నదే, ఏం చీర కట్టిందే, దారిలో ఏం మాట్టాడిందే అని. చెప్పిందే మళ్ళీ చెప్పించేది. మొదట్లో నోరు పెగిలేది కాదండి. తర్వాత్తర్వాత దారంతా చెప్పేను. రాయి మీద కూర్చోడం, డోలీ, ముసలాయన, అన్నీ. చివర్లో ఆవిడే నాకు చెప్పేది, నేనేదైనా మర్చిపోతే."

"మొహం గుర్తొచ్చిందా అక్కా?" అంది నా భార్య.

"లేదమ్మా. అది రాలేదు" అంది ఆవిడ. పిల్ల నిద్రపోతుంటే ఈగలు వాలకుండా పమిట కప్పింది. "కానీ నిద్ర పడతందమ్మా నాకు. పడుకుంటే తెల్లారేదాకా తెలవట్లేదు."

సాయంత్రం బస్సుకు వెళ్ళాలంది. ఇక్కడే ఉండిపొమ్మని నా భార్య గట్టిగా అడిగింది. అన్న కొడుకు పిల్లలు చిన్నవాళ్ళనీ, ఎదురుచూస్తుంటారనీ చెప్పి, పిల్లను మంచం మీద పడుకోబెట్టి లేచింది. నేను సంచీ పట్టుకుని బస్సు దాకా వెళ్ళాను. బస్సులో చోటు లేదు. డ్రైవరు వెనక, ఎవరిదో బుట్ట పక్కన నిలబడి, కడ్డీ పట్టుకుని, నాకు తల ఊపింది.